మెట్ల క్రింది యంత్రం

మనిషికి జబ్బు చేస్తే మూలుగుతాడు. ఎద్దుకు కాలు నొచ్చితే కుంటుతుంది. పాత ఇంటి కప్పు కూలబోయే ముందు నాలుగు రోజులు ఇసుక రాల్చి తన సంగతి చెప్పుకొంటుంది. లోకంలో చెడిపోయే వస్తువులలో అధికభాగం ఏదో విధంగా ముందుగా కబురు పంపి మరీ చెడిపోతాయి. ఏ కబురూ లేకుండా, ఉన్నది ఉన్నట్లుగా నిలిచిపోయే దానితోనే మనకు చిక్కు. మా ఇంట మెట్ల క్రింద ఉన్న ఒక చిన్న యంత్రం 2022వ సంవత్సరం వేసవి మొదలుకొని దుర్గాపూజ వరకు నన్ను అటువంటి చిక్కులో ఉంచినది. ఆ కథనే ఇక్కడ చెప్పదలచినాను. నేను యంత్రజ్ఞుడను కాను. ఉత్తర కలకత్తాలో ఒక పాఠశాలలో ముప్పది నాలుగేండ్లు భూగోళం బోధించి విరమించినవాడిని. అందువలన ఈ కథలో విద్యకంటె పొరపాట్లే ఎక్కువగా కనబడితే పాఠకులు క్షమించాలి.

ఆ యంత్రాన్ని సర్వర్ అంటారు. సేవ చేసేది అని ఆ మాటకు అర్థం. పెద్ద సంస్థలలో చలువగదుల నిండా వరుసలు తీరి ఉండే సర్వర్లకు మా యింటిది దూరపు బంధువు; చెప్పుల పెట్టెకంటె కొంచెం పెద్దది, అంతే. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి 2018లో సెలవులకు వచ్చినప్పుడు విడి భాగాలు కొని తెచ్చి, వసారాలో చాప పరచుకొని కూర్చుని, దానిని అమర్చినాడు. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ అనే వ్యవస్థ దానిని నడుపుతున్నది. రేయింబవళ్లు వెలుగుతూ ఉండి, ఎవరు ఎక్కడినుండి అడిగినా తనలో దాచినదాన్ని తీసి యివ్వడమే దాని పని.

అది దాచినదేమిటో చెప్పకపోతే నా ఆందోళన పాఠకులకు అర్థం కాదు. నా భార్య ఇంచుమించు ముప్పై ఏండ్లపాటు మా ముందు గదిలో పిల్లలకు రవీంద్ర సంగీతం నేర్పినది. పిల్లలు ఇంటివద్ద సాధన చేసుకొనే నిమిత్తం ఆమె పాడుతుండగా కాసెట్లమీద ఎక్కించేవారము. 2019 డిసెంబరులో ఆమె పోయినది. కర్మకాండ జరిగిన దినాలలో నేను చలించలేదు. వచ్చేవారికి కుర్చీలు వేయడం, పురోహితుడికి కబురు చేయడం, మిఠాయిల లెక్క చూడడం, వీటితో దినాలు గడచినవి. అందరూ నా ధైర్యాన్ని మెచ్చుకొన్నారు. 2020 మార్చి 25వ తేదీన దేశమంతా తలుపులు మూసుకొన్న తరువాత ఇంట్లో నేనొక్కడనే మిగిలినాను. అప్పుడు ఒకానొక మధ్యాహ్నం మూడు గంటలకు కుర్చీలో కూర్చున్నవాడిని చీకటి పడినా లేవలేకపోయినాను. ఆ తరువాత చాలా మధ్యాహ్నాలు అట్లే అయినవి.

మా ఇంట ఇరవై రెండేండ్లుగా పనిచేస్తున్న పెద్దామె ఒకతె ఉన్నది. పాట నేర్చుకోవచ్చిన పిల్లలు ఆమెను మాసీ అని, అనగా పిన్ని అని, పిలిచేవారు. పిల్లలతోపాటు నాకూ అదే అలవాటయినది. ఊరి వెలుపలినుండి రైలులో రావలసిన మనిషి కనుక, లోకల్ రైళ్లు నిలిచిపోయిన ఆ నెలలలో ఆమె రాలేకపోయినది. 2020 నవంబరులో రైళ్లు తిరిగి నడిచిన తరువాత వచ్చి, ఇల్లంతా చూచి, నన్ను చూచి, ఏమీ అనలేదు. అటక ఎక్కి కాసెట్ల పెట్టెను దింపి నా ముందు పెట్టినది. “బూజు పడుతున్నది, దాదాబాబూ,” అన్నది. కలకత్తా వర్షాకాలపు తేమకు టేపులమీద తెల్లని బూజు పాకి ఉన్నది.

మరునాటినుండి నేను వాటిని యంత్రంలోనికి ఎక్కించడం ప్రారంభించినాను. ఆ పనిలో దగ్గరి దారి లేదు. తొంబది నిమిషాల టేపు ఎక్కాలంటే తొంబది నిమిషాలూ వినవలసిందే. 71 కాసెట్లు ఎక్కేసరికి మరుసటి చలికాలం వచ్చినది. ఎక్కించిన తరువాత పలు టేపులు తెగిపోయినవి. కొన్ని పట్టుకొంటేనే పొడి రాలినవి. ఆమె గొంతు ఇక ఆ మెట్ల క్రింది పెట్టెలో మాత్రమే మిగిలినది. సిలిగురిలో, ఢాకాలో, లండనులో స్థిరపడిన ఆమె శిష్యురాండ్రు సాయంకాలాలలో దానిని పిలిచి పాట వినేవారు. పగలు నేను పాటల పట్టిక తయారు చేసుకొంటూ ఉండేవాడిని.

2022 మే 9వ తేదీ ఉదయం, ఆ రోజుకు పాటను ఎంచుకొందామని కూర్చుంటే యంత్రం పలుకలేదు. మెట్ల క్రిందికి వంగి చూచినాను. ఆకుపచ్చని దీపం వెలుగుతున్నది; పంకా తిరుగుతున్నది. తెర తగిలిస్తే నల్లగా ఉన్నది. కీబోర్డుమీద మీట నొక్కితే దాని చిన్న దీపమైనా మారలేదు. శ్వాస ఉండి స్పృహ లేని మనిషివలె ఉన్నది. చివరకు బొత్తామును అయిదు క్షణాలు అదిమిపట్టి ఆర్పి, మరల వెలిగించినాను. ఏమీ జరుగనట్లు లేచి కూర్చున్నది. పన్నెండు రోజులకు మరల అదే అవస్థ.

ఇటువంటి యంత్రాలు తాము చేసే ప్రతి పనినీ ఒక దినచర్యలో వ్రాసుకొంటూ పోతాయి. అబ్బాయి ఫోనులో చెప్పగా ఆ దినచర్యను తెరచి చదివినాను. అర్ధరాత్రి దాటిన తరువాత ఏదో సామాన్యమైన పని ముగించినట్లు ఒక పంక్తి. దాని క్రింది పంక్తి నేను ఉదయం తిరిగి వెలిగించినప్పటిది. నడుమ ఒక్క అక్షరం లేదు. అది ఆలోచిస్తే సహజమే. స్తంభించిన యంత్రం తాను స్తంభించినట్లు వ్రాయాలన్నా ఆ వ్రాసే చెయ్యి కూడ స్తంభించే ఉంటుంది గదా! అబ్బాయి మరొక ఉపాయం చెప్పినాడు. నిమిషానికొకసారి వేళను మాత్రం ఒక కాగితంలో వ్రాయవలసిందని యంత్రానికి ఆజ్ఞ యిచ్చినాము. నాడి పట్టి చూడడం వంటిది. నాడి ఎక్కడ ఆగినదో అక్కడ ప్రాణం ఆగినదని తెలుస్తుంది. ఆ వేళలను, తేదీలను, ఆ రోజు ఎండను వానను నేను ఒక నోటుపుస్తకంలో ఎక్కిస్తూ వచ్చినాను.

ఈ విషయం చదువుతూ పోగా జిమ్ గ్రే అనే అమెరికా శాస్త్రజ్ఞుడి పేరు తగిలినది. కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయి అన్న ప్రశ్ననే శీర్షికలో పెట్టి 1985లో ఆయన ఒక నివేదిక వ్రాసినాడు. వెదకబోతే మాయమయ్యే దోషాలను గురించి అందులో చర్చించినాడు. 1998లో ఆయనకు ట్యూరింగ్ పురస్కారం లభించినది. ఆయనే 2007 జనవరి 28వ తేదీన, తల్లి చితాభస్మాన్ని సముద్రంలో కలపడానికి సాన్‌ఫ్రాన్సిస్కోనుండి తెరచాప పడవలో ఒంటరిగా బయలుదేరి, తిరిగి రాలేదు. మిత్రులు ఉపగ్రహాలచేత చిత్రాలు తీయించగా వేలమంది వాటిని జల్లెడ పట్టినారు. పడవ జాడగాని, ఒక చివరి మాటగాని దొరకలేదు. ఆగిపోవడాన్ని గురించి అంత తెలిసినవాడికే అట్లు జరిగినదని చదివిన రాత్రి నేను ఆ నోటుపుస్తకాన్ని మూసివేసి చాలాసేపు కూర్చున్నాను.

వైద్యానికి ముందు చేయవలసిన పని ఒకటి ఉన్నది. దానిని నేను ఆలస్యంగా చేసినాను. ఉన్నదంతా మరొక చోటికి ప్రతి తీసి పెట్టుకోవాలి. బొత్తాము అదిమి బలవంతంగా ఆర్పిన ప్రతిసారీ లోపలి వ్రాత చెడే ప్రమాదం ఉంటుంది. నెలరోజులు ఆ ప్రమాదంతో ఆడుకొని, జూన్‌లో రెండు రాత్రులు రెండు పగళ్లు పట్టి రెండు ప్రతులు తీసినాను. ఒకటి బీరువాలో పెట్టి, రెండవది బెంగుళూరుకు పంపినాను. ఒకే ఇంట ఉన్న రెండు ప్రతులు ఒకే వరదకు లోకువ.

ఇక పరీక్షలు. మొదట వేడిమి. కలకత్తా మే నెలలో ఏ దోషానికైనా ఎండనే నిందిస్తాము. పెట్టె విప్పి దుమ్ము దులిపి, ప్రాసెసరుకు పంకాకు నడుమ ఎండిన లేపనాన్ని తుడిచి కొత్తది రాసినాము. అయినా జూన్‌లో వాన కురిసి చల్లబడిన రాత్రే అది నిలిచిపోయినది. తరువాత జ్ఞాపకం. ఆ యంత్రపు జ్ఞాపకపు పలకలలో పదమూడువేల ఏడువందల కోట్లకు పైగా బిట్లు ఉన్నవి. ఒక్కటి తలక్రిందులైనా యంత్రం మతి తప్పవచ్చు. చిప్పుల తొడుగులలో లేశమాత్రంగా ఉన్న రేడియోధార్మిక పదార్థంనుండి వెలువడే ఆల్ఫా కణాలు బిట్లను తారుమారు చేస్తున్నవని 1978లో ఇంజనీర్లు కనుగొన్నారు. పరీక్ష చేసే ప్రోగ్రామును రాత్రంతా నడిపినాను. తెల్లవారేసరికి నాలుగు ఆవృత్తులు ముగిసినవి. ఒక్క తప్పు లేదు. పిమ్మట విద్యుత్తు. 2000 ప్రాంతాలలో ఎన్నో యంత్రాలలో కెపాసిటర్లు ఉబ్బి పగిలిన సంగతి చదివి, భూతద్దం పెట్టి ఒక్కొక్కదాన్ని చూచినాను. ఉబ్బినది ఒక్కటీ లేదు. ఐనా విద్యుత్తు నందించే పెట్టెను మార్పించినాను. ఆరు రోజులు నడిచినది, ఏడవనాడు నిలిచినది.

అన్నిటికంటె గట్టి పరీక్షగా యంత్రానికి ఇరవై నాలుగు గంటలు ఎడతెగని లెక్కలు యిచ్చినాను. ప్రాసెసరు వేడి 81 డిగ్రీలకు పోయినది. పంకా మెట్లమీదికి వినబడేటట్లు రొద చేసినది. యంత్రం మాత్రం నిలువలేదు.

ఇక్కడ నా బుద్ధి వక్రమార్గం పట్టినది. యంత్రంలో దోషం కనబడకపోతే మనుష్యులలో వెదకడం మనకు సులభం. యంత్రం నిలిచినట్లు నాకు తెలిసేది ఉదయం. ఉదయం ఏడు గంటలకు మాసీ వచ్చి మెట్ల క్రింద ఊడ్చేది. ఆమె చీపురు తీగకు తగులుతున్నదేమో, తడిగుడ్డతో పెట్టెను తుడుస్తున్నదేమో! జూలైలో ఒకనాడు, “మాసీ, ఇకమీదట నీవు మెట్ల క్రిందికి పోవద్దు,” అన్నాను. మాటలు అంతే, కాని గొంతులో ఉన్నది ఆమెకు వినబడినది. చీపురు గోడకు చేర్చి వంటయింటిలోనికి పోయినది. ఆనాటినుండి మెట్ల క్రింద దుమ్ము పేరుకొన్నది. ఆమె నాతో మాటలు తగ్గించినది. యంత్రం యథాప్రకారం నిలిచిపోతూనే ఉన్నది.

ఆగస్టులో నాకు మరొక ఊహ తోచినది. ముసలి యంత్రం, అలసిపోయినదేమో! ఈ ఊహకు మా ఊరిలో గొప్ప ఆధారమే ఉన్నది. జగదీశచంద్ర వసు తన విద్యుత్తరంగ గ్రాహకాలలోని లోహం చాలాసేపు పనిచేస్తే మందగించి, విశ్రాంతి యిస్తే కోలుకొంటున్నదని గమనించినాడు. ఆ పరిశీలనలను 1900లో పారిస్‌లో భౌతికశాస్త్రజ్ఞుల ముందుంచినాడు. 1902లో జీవులలోను నిర్జీవాలలోను కలిగే ప్రతిస్పందనలను గురించి గ్రంథం వెలువరించినాడు. 1917లో ఆయన స్థాపించిన విజ్ఞాన మందిరం ముందునుండి ఎన్ని వందలసార్లు పాఠశాలకు నడిచినానో! లోహానికీ అలసట ఉన్నదని చిన్ననాటినుండి వింటూ పెరిగినవాడను. శిష్యురాండ్రకు జాబులు వ్రాసినాను: కొంతకాలం పాటలు వినడం తగ్గించండి, యంత్రానికి విశ్రాంతి కావాలి అని. వారు పాటించినారు. మే, జూన్, జూలైలలో నెలకు రెండుసార్లు నిలిచిన యంత్రం ఆగస్టులో అయిదుసార్లు నిలిచినది. అప్పటికైనా నాకు తెలియలేదు.

సెప్టెంబరు 25వ తేదీ మహాలయ. ఆ వేకువజామున నాలుగు గంటలకు లేచి ఆకాశవాణిలో మహిషాసురమర్దిని వినడం బెంగాలీ ఇండ్లలో తరతరాల ఆచారం. రేడియో పెట్టి, అలవాటుగా మెట్ల క్రిందికి చూచినాను. యంత్రం నిలిచి ఉన్నది. నాడి 2 గంటల 41 నిమిషాలకు ఆగినది. అది పదునాలుగవసారి. మాసీ రావడానికి ఇంకా మూడు గంటలున్నది.

తెల్లవారిన తరువాత ప్రక్కయింటి కుర్రవాడు వచ్చినాడు. ఖరగ్‌పూర్‌లో చదువుతున్నాడు, పూజ సెలవులకు ముందుగానే చేరుకొన్నాడు. నన్ను జేఠూ అని, అనగా పెదనాన్న అని, పిలుస్తాడు. నేను చేసిన పరీక్షల జాబితా అంతా ఓపికగా విని, ఒక్క ప్రశ్న వేసినాడు.

“జేఠూ, పని చేస్తుండగా ఎన్నడైనా నిలిచినదా?”

నేను నోటుపుస్తకం తెరచినాను. నాలుగున్నర నెలలు నేను తేదీల వరుసను చూచి, ఎండను వానను చూచినాను. వేళల వరుసను పైనుండి క్రిందికి ఒక్కసారైనా చదువలేదు. పదునాలుగింటిలో పన్నెండు రాత్రి ఒంటిగంటకు అయిదింటికి నడుమ. రెండు మధ్యాహ్నం రెండింటికి మూడింటికి నడుమ, ఇల్లు నిద్రపోయే వేళ. శిష్యురాండ్రు పాట వినే సాయంకాలం ఒక్కటీ లేదు. ప్రతులు తీసిన రెండు రాత్రులు నిలువలేదు. జ్ఞాపకాన్ని పరీక్షించిన రాత్రి నిలువలేదు. 81 డిగ్రీల వేడిలో లెక్కలు చేసిన రాత్రి నిలువలేదు. మాసీ ఇంట ఉన్న వేళ ఒక్కసారైనా నిలువలేదు. ఆమె నిర్దోషిత్వం నా చేతివ్రాతలోనే, జూలైకి ముందే, వ్రాసి ఉన్నది.

“అయితే అది పనిలో పోవడం లేదు, జేఠూ. నిద్రలో పోతున్నది,” అన్నాడు కుర్రవాడు.

అతడు విప్పి చెప్పిన సంగతి ఇది. నేటి ప్రాసెసర్లు పని లేనప్పుడు మేలుకొని ఉండవు. విద్యుత్తు ఆదా చేయడానికి మెట్టుమెట్టుగా నిద్రలోనికి దిగుతాయి. 1996 డిసెంబరులో వెలువడిన ఏసీపీఐ అనే ప్రమాణపత్రం ఈ మెట్లకు అంకెలు పెట్టినది. సున్న అంటే పని. ఒకటి అంటే కునుకు. అంకె పెరిగినకొద్దీ నిద్ర గాఢం. తరువాతి కాలంలో ప్రాసెసర్లు చేసేవారు ఆ మెట్లను ఆరుకు, అంతకు పైకి పెంచినారు. ఆరవ మెట్టున ప్రాసెసరు తన స్థితిని ఒక మూల భద్రపరచుకొని తన వోల్టేజిని దాదాపు సున్నకు దించుకొంటుంది. పిలుపు వచ్చినప్పుడు సెకనులో లక్షలవ వంతులలో లెక్కించదగిన కాలంలో మరల పైకి రావాలి. ఆరోగ్యంగా ఉన్న యంత్రం ఈ దిగడాన్నీ ఎక్కడాన్నీ సెకనుకు వందలసార్లు చేస్తుంది, మనకు తెలియదు. కొన్ని ప్రాసెసర్లలోని లోపం వలనగాని, అంత స్వల్పమైన విద్యుత్తు వాడకంలో సరఫరా నిలకడగా లేకపోవడం వలనగాని, ఎప్పుడో ఒకసారి దిగిన ప్రాసెసరు పైకి రాదు. పంకా తిరుగుతుంది, దీపం వెలుగుతుంది, లేచేవారు లేరు. నేను విశ్రాంతి యిచ్చినకొద్దీ దానికి లోతైన నిద్రలు ఎక్కువైనవి. ఆగస్టు లెక్కకు అర్థం అదే.

వైద్యం ఒక్క పంక్తి. యంత్రం మేలుకొనేటప్పుడు చదువుకొనే ఆదేశాలలో, మొదటి మెట్టుకంటె లోతుకు దిగరాదని వ్రాసినాము. మూడు వారాలు నిలువలేదు. ఐనా కుర్రవాడికి తృప్తి కలుగలేదు. “ఆ పంక్తి తీసివేస్తే మరల నిలిస్తేనే అది కారణమని నమ్మాలి,” అన్నాడు. అతడి మాటమీద తీసివేసినాము. నాలుగవ రాత్రి నిలిచినది. మరల వ్రాసినాము. అంతకు ముందు ఖాళీగా ఉన్నప్పుడు 22 వాట్లు తినే యంత్రం ఇప్పుడు 31 వాట్లు తింటున్నది. సంవత్సరానికి ఇంచుమించు 79 యూనిట్లు అదనం. ఆ మూల్యం నాకు అధికమనిపించలేదు. ఆనాటినుండి మూడు పూజలు గడచినవి. కరెంటు పోయినప్పుడు తప్ప అది నిలువలేదు.

మహాలయ ఉదయమే ఏడు గంటలకు మాసీ వచ్చినప్పుడు నోటుపుస్తకం చేతబట్టుకొని ఆమె ఎదుట నిలుచున్నాను. ఆమె చదువలేదు, అందుచేత పుస్తకం చూపడంలో అర్థం లేదు. ఆ సంగతి నాకు చప్పున స్ఫురించి, పుస్తకం బల్లమీద పెట్టి, “మాసీ, తప్పు నాది. నీవలన కాదు,” అన్నాను.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకొన్నది. “బౌది గొంతు ఆ పెట్టెలో ఉన్నదని నాకు తెలియదా, దాదాబాబూ? దానిమీద నేను తడిచెయ్యి వేస్తానా?” అన్నది. ఆ మాటలో కోపం లేదు. మూడు నెలలు దాచుకొన్న బాధ ఉన్నది. తరువాత చీపురు తీసుకొని మెట్ల క్రిందికి పోయి, అక్కడ పేరుకొన్న దుమ్మంతా ఊడ్చినది.

నేను ఆనాడు ఆలోచించినది చెప్పి ముగిస్తాను. మనం శ్రమను చూచి భయపడతాము. పనిచేసేవాడు పడిపోతాడేమోనని కనిపెట్టుకొని ఉంటాము. పని ముగిసినవాడిని, ఎవరూ పిలువనివాడిని, సుఖంగా ఉన్నాడని విడిచిపెడతాము. కర్మకాండ దినాలలో నా చుట్టూ ఎందరో ఉన్నారు; అప్పుడు నాకు ఎవరితోను అవసరం లేకపోయినది. కుర్చీలోనుండి లేవలేని మధ్యాహ్నాలలో నాకు దీపం వెలుగుతూనే ఉన్నది, పంకా తిరుగుతూనే ఉన్నది. వీధినుండి చూచినవారికి అంతా సవ్యంగానే కనబడి ఉంటుంది. నిద్ర చెడ్డదని నేననను. నిద్రకు ఒక పిలుపు తోడుండాలి, ఆ పిలుపుకు లేచే శక్తి మిగిలేటంత లోతులోనే నిద్ర ఉండాలి. అటక ఎక్కి కాసెట్ల పెట్టెను దింపిన చెయ్యి నాకు ఆ పిలుపు నిచ్చినది. ఆ చేతినే నేను అనుమానించినాను. యంత్రం దోషాన్ని ఒక పంక్తితో సరిచేయగలిగినాము. దీనికి అటువంటి పంక్తి ఏదీ లేదు. రోజూ కొంచెం కొంచెంగా తీర్చుకోవలసినదే.

ఇప్పుడు సాయంకాలం పని ముగిసిన తరువాత మాసీ రైలు వేళయ్యే వరకు మెట్లమీద కూర్చుంటుంది. నేను ఒక పాట పెడతాను. ఒక కాసెట్టులో పాట నడుమ ప్రెషర్ కుక్కరు కూత వినబడుతుంది. నా భార్య పాట ఆపి, “మాసీ, పొయ్యి కట్టెయ్యి,” అంటుంది. మరల శ్రుతి అందుకొంటుంది. ఆ చోటు వచ్చినప్పుడల్లా మాసీ, “ఆఁ, కట్టేశాను, బౌదీ,” అని మెల్లగా బదులు చెపుతుంది.